నూట నలభై జతలు

పిల్‌నమ్ చెయ్యి ప్రెస్సులో పడ్డప్పుడు ఒక్‌బున్ చేతిలో స్టాప్‌వాచీ నడుస్తూనే ఉంది.

దక్షిణ కొరియాలో, బూసాన్ పట్టణానికి పడమట, బూట్ల ఫ్యాక్టరీలు గోడకి గోడ ఆనుకుని ఉండే సాసాంగ్ పేటలో, 1987 జులై ఆఖరి వారం, పొద్దున పదకొండు గంటలకి జరిగిందది. ప్రెస్సులో బూటు అడుగులు తయారవుతాయి. రబ్బరు ముద్దని ఇనప అచ్చులో పెడితే, సెగలు కక్కే పై మూత దిగి నొక్కుతుంది. యంత్రానికి అటూ ఇటూ రెండు బొత్తాలు. రెండు చేతులతో రెండూ నొక్కితేనే మూత దిగాలి. చేతులు బొత్తాల మీద ఉంటే అచ్చులో ఉండవు. ఆ యంత్రం చేసినవాడు ఆ మాత్రం ఆలోచించే చేశాడు. నెల కిందట మేస్త్రీ గూ ప్రతి ప్రెస్సుకీ ఎడం బొత్తాన్ని ఇనప తీగతో బిగించి కట్టేశాడు. ఒక చెయ్యి ఖాళీ అయితే ఆ చేత్తో తరవాతి ముద్ద సర్దొచ్చు. ఎనిమిది సెకన్లు కలిసొస్తాయి.

ఆ ఎనిమిది సెకన్లు కొలిచి రాసిచ్చింది ఒక్‌బునే.

పిల్‌నమ్ వెంటనే అరవలేదు. ముందు ఆవిరి బుస్సుమంది. తరవాత కాలిన మాంసం వాసన. ఆ తరవాతే కేక. పక్క ప్రెస్సు మీదున్న మాల్‌సున్ గడ్డపలుగు అందుకుని మూత కింద దోపి, ఒళ్ళంతా వేలాడేసి పైకి లేపింది. పంతొమ్మిదేళ్ళ పిల్ల వెనక్కి పడింది. నాలుగు వేళ్ళు అచ్చులోనే ఉండిపోయాయి.

మేస్త్రీ గూ పరిగెత్తుకొచ్చాడు. "దాన్ని బయటికి ఈడ్చండి! అచ్చు తుడవండి! ఏం చూస్తున్నారే, సినిమానా? లైను ఆగిపోయింది!"

అచ్చు సరిగ్గా తుడవను కూడా తుడవలేదు. ఇంకొకత్తిని తెచ్చి అదే ప్రెస్సు ముందు నిలబెట్టారు. నెత్తురు తడి మీదే మరో రబ్బరు ముద్ద పడింది. ఆ బూటు ఏ దేశంలో ఏ పిల్లాడి కాలికి చేరిందో.

మాల్‌సున్ చేతులు తుడుచుకుంటూ ఒక్‌బున్ ముందుకొచ్చింది. "నిలబడ్డావేం? రాసుకో. పదకొండు నిమిషాలు పట్టింది మనిషిని మార్చడానికి. మీ ఇంజనీరుకి పనికొస్తుంది."

ఒక్‌బున్ స్టాప్‌వాచీ ఆపింది. ఆమె ఏడేళ్ళు కుట్టు సెక్షనులో సూదిపోట్లు తిన్న మనిషి. లెక్కలు చురుగ్గా వేస్తుందని ఈ వసంతంలోనే ప్లానింగు గదిలోకి తీసుకున్నారు. అప్పటినుంచీ కుట్టువాళ్ళు ఆమెని పేరు పెట్టి పిలవడం మానేశారు. 'గడియారం' అంటున్నారు.

మధ్యాహ్నం ప్లానింగు గదిలో దో అనే ఇంజనీరు కంప్యూటరు కాయితం చింపి బల్ల మీద పరిచాడు. మంచివాడే, గట్టిగా మాట్లాడ్డు. తన లెక్క ఎవరైనా అడిగితే చాలు, మొహం వెలిగిపోతుంది.

"సార్, ప్రెస్సు దగ్గరే ఎందుకు సెకన్లు కోశాం?" అనడిగింది ఒక్‌బున్.

"ఇదిగో చూడు. ఏ రకం బూటు ఎన్ని జతలు చేస్తే లాభం అన్నిటికన్నా ఎక్కువొస్తుందో చెబుతుందిది. కత్తిరింపుకి ఇన్ని గంటలు, కుట్టుకి ఇన్ని, ప్రెస్సుకి ఇన్ని. దేనికది ఇంతకి మించకూడదని ఒక గీత. ఏ గీతా దాటకుండా లాభాన్ని ఎంత దూరం తీసుకుపోగలమో అంత దూరం పోవడమే. లీనియర్ ప్రోగ్రామింగ్ అంటారు దీన్ని. తమాషా ఏంటంటే, అన్ని గీతలూ అడ్డం రావు. మనకి ప్రెస్సు ఒక్కటే అడ్డం. అక్కడ గంట పెరిగితే అయిదొందల జతలు పెరుగుతాయి. కుట్టు దగ్గర గంట కాదు, పది గంటలు పెంచు. సున్నా."

"సున్నానా?"

"సున్నా. అక్కడ ఇప్పటికే గంటలు మిగిలిపోతున్నాయి."

"మరి కుట్టువాళ్ళని షిఫ్టు అయ్యాక ఇంటికి పంపకుండా రోజూ మూడు గంటలు ఊరికే ఎందుకు ఆపేస్తున్నారు?"

దో తలుపు వైపు చూసి గొంతు తగ్గించాడు. "నేనూ అడిగాను. 'తొందరగా వదిలితే నలుగురూ ఒకచోట చేరి మాట్లాడుకుంటారు. అలిసిపోయినవాళ్ళు పడుకుంటారు' అన్నారు మేనేజరుగారు."

ఒక్‌బున్ ఆ కాయితం తన వైపు తిప్పుకుంది.

"సార్, వేళ్ళు తెగకూడదని ఇందులో ఒక గీత గియ్యొచ్చా?"

"గియ్యొచ్చు." దో కళ్ళజోడు తీసి తుడిచాడు. "రెండు బొత్తాలూ నొక్కితే పట్టే టైము వేసి మళ్ళీ లెక్క కట్టించడమే."

"కట్టండి."

కంప్యూటరు టకటకా కొట్టుకుంది. దో చదివాడు. "రోజుకి నూట నలభై జతలు తగ్గుతాయి."

"ఎన్నిట్లో?"

"ఆరు వేలల్లో." కళ్ళజోడు పెట్టుకుని నెమ్మదిగా అన్నాడు, "ఆ గీత గియ్యమని నాకెవరూ చెప్పలేదమ్మా."

"అడగాలని మీకూ తోచలేదు సార్. నాకూ తోచలేదు."

ఆ కాయితం మడిచి జాకెట్టులో పెట్టుకుని ఆదివారం మధ్యాహ్నం మాల్‌సున్ గదికి వెళ్ళింది. తొమ్మిదిమంది ఆడవాళ్ళు మోకాళ్ళు తగులుకుంటూ కూర్చుని నూడుల్సు తింటున్నారు. ఆమెని చూడగానే చాప్‌స్టిక్కులు ఆగిపోయాయి.

"గడియారం ఇక్కడికెందుకొచ్చింది? మేం ఎన్ని నిమిషాల్లో తింటున్నామో కొలవడానికా?"

"ఆ ఎనిమిది సెకన్లూ నేనే కోశానక్కా," అంది ఒక్‌బున్ గుమ్మంలోనే నిలబడి.

మాల్‌సున్ లేచింది. సాచిపెట్టి ఒక్క లెంపకాయ కొట్టింది. ఒక్‌బున్ తల ద్వారబంధానికి తగిలింది. పెదవి చిట్లింది. ఎవరూ కదల్లేదు.

"కూర్చో," అంది మాల్‌సున్. గిన్నె ఆమె ముందుకి తోసి ముల్లంగి కిమ్చి పచ్చడి వడ్డించింది. "ముందు తిను. తరవాత చెప్పు."

ఒక్‌బున్ తిన్నది. చెప్పింది. కాయితం చేతులు మారింది. కార్మికుల్ని కూడగట్టాలని కుట్టు సెక్షనులో మారుపేరుతో పనిచేస్తున్న యున్‌హే, యూనివర్సిటీ నుంచి గెంటేసిన పిల్ల, దాన్ని రెండుసార్లు చదివింది.

"తొందరపడొద్దు. పదకొండొందల మందినీ కదిలించే కరపత్రం వెయ్యాలి. అందరూ ఒకేసారి బయటికి రావాలి. ఒక్క సెక్షను సమ్మె చేస్తే మిగతావాళ్ళతో తెగిపోతుంది."

"నీ కరపత్రం పదకొండొందల మందీ చదివేలోపు ఇంకో పది వేళ్ళు పోతాయి," అంది ఒక్‌బున్. "కుట్టు ఆపితే వారం దాకా వాళ్ళకి నొప్పి తెలీదు. కత్తిరింపు ఆపితే కత్తిరించినవి నిలవున్నాయి. ప్రెస్సు ఆపితే గంటకి అయిదొందల జతలు. ఇది వాళ్ళు రాసుకున్నదే. ఇరవై ఎనిమిది మంది చాలు."

"చాలవు," అంది మాల్‌సున్. "ఇరవై ఎనిమిది మంది కూర్చుంటే ఇరవై ఎనిమిది తలకాయలు పగలగొడతారు. ఎక్కడ ఆపాలో నీ కాయితం చెప్పింది, బాగానే ఉంది. ఆపాక మా చుట్టూ ఎవరు నిలబడతారో చెప్పలేదు. అది మనమే చూసుకోవాలి." యున్‌హే వైపు తిరిగింది. "నీ కరపత్రం కూడా కావాలి. కానీ పొడుగ్గా రాయకు. కుట్టువాళ్ళకి ఒక్క సంగతి చెప్పు. వాళ్ళ మూడు గంటలకి కంపెనీ లెక్కలో విలువెంతో చెప్పు."

సోమవారం అన్నాల వేళకి ఆ మాట కుట్టు సెక్షను అంతా పాకింది. సున్నా. పసిబిడ్డని లోపలే ఉంచి తలుపుకి తాళం వేసి వచ్చిన తల్లి విన్నది. నడుం పడిపోయిన ముసలామె విన్నది. "కంపెనీ మునిగిపోతోంది, కొంచెం ఓర్చుకోండి అన్నాడే ఆ దొంగనాకొడుకు!" అని ఒకామె అన్నం గిన్నె నేలకేసి కొట్టింది.

మంగళవారం పది గంటలకి మాల్‌సున్ ప్రెస్సు మూత పైకెత్తి, రబ్బరు అంచులు కోసే కత్తెరతో ఎడం బొత్తం మీది తీగ కత్తిరించి, వెనక్కి జరిగి నేల మీద కూర్చుంది. ఆమె వెనక ఇరవై ఏడుగురూ తీగలు కత్తిరించారు.

"లేవండే!" మేస్త్రీ గూ ఒకామె జుట్టు పట్టుకున్నాడు. "నడుం నొప్పా? నొప్పి నేను దించుతా!"

"దించరా, రా!" ఇరవై ఎనిమిది కత్తెరలు పైకి లేచాయి. గూ జుట్టు వదిలేశాడు.

పదకొండున్నరకి బూట్లు అతికించే లైను ఎండిపోయింది. పన్నెండుకి ప్యాకింగు వాళ్ళు చేతులు ముడుచుకున్నారు. మేనేజరు మైకులో మూడుసార్లు బెదిరించాడు, ఒకసారి బతిమాలాడు. ఆడవాళ్ళు అడిగింది మూడే: తీగలు మళ్ళీ కట్టకూడదు, షిఫ్టు అయ్యాక ఊరికే ఆపకూడదు, పిల్‌నమ్‌ని పనిలోనే ఉంచుకోవాలి. కుట్టువాళ్ళు అరవై మంది వచ్చి ప్రెస్సుల చుట్టూ నిలబడ్డారు. మిగతావాళ్ళు తమ మిషన్ల దగ్గర కూర్చుని చూస్తున్నారు. ఒక్‌బున్ ప్లానింగు గది దాటి వచ్చి ఆ అరవై మందిలో నిలబడింది. ఆ పూట ఎవరూ ఆమెని గడియారం అనలేదు.

బుధవారం కూడా ప్రెస్సులు నడవలేదు. మధ్యాహ్నం మూడు గంటలకి వెనక గేటులోంచి తెల్ల హెల్మెట్లు వచ్చారు. రెండొందల మంది, అద్దె గూండాలు. చేతుల్లో ఇనప పైపులు. వచ్చీ రాగానే ప్రెస్సు షెడ్డుకీ కుట్టు సెక్షనుకీ మధ్యనున్న షట్టరు కిందికి లాగేశారు.

"దొంగముండల్లారా, మీ కాళ్ళు విరగ్గొడితే కూర్చునే పనే చేస్తారిక!"

మొదటి దెబ్బకే యున్‌హే మోచెయ్యి పుల్లలా విరిగింది. ఒకామె పళ్ళు రాలాయి. కింద పడ్డవాళ్ళ కడుపుల్లో బూట్లతో తన్నారు. ఆ బూట్లు ఈ ఆడవాళ్ళు చేసినవే. మాల్‌సున్ ఆవిరి గొట్టం ఊడబెరికి వాళ్ళ మీదకి తిప్పింది. ముందున్న నలుగురు మొహాలు కప్పుకుని గావుకేకలు పెట్టారు. హెల్మెట్లు గుమ్మం దాకా వెనక్కి పరిగెత్తాయి. ఒక్‌బున్ షట్టరు మీద రెండు చేతులతో బాదింది.

"అక్కల్లారా! చంపేస్తున్నారు! వినబడుతోందా? చంపేస్తున్నారు!"

పక్కనుంచి వచ్చినవాడెవడో మాల్‌సున్ తల వెనక పైపుతో కొట్టాడు. ఒకసారి. పడ్డాక ఇంకోసారి. ముప్ఫై ఎనిమిదేళ్ళ మనిషి, ఇద్దరు పిల్లల తల్లి, తను పద్నాలుగేళ్ళు నిలబడ్డ ప్రెస్సు కాళ్ళ దగ్గరే బోర్లా పడింది. కళ్ళు తెరిచే ఉన్నాయి. ఆవిరి గొట్టం ఆమె చేతిలోంచి జారి పాములా కొట్టుకుంది.

అప్పుడు షట్టరు అవతలి నుంచి పెద్ద చప్పుడు. మళ్ళీ ఇంకోటి. కుట్టువాళ్ళు తోలు మోసే ఇనప బళ్ళతో గుద్దుతున్నారు. నాలుగో దెబ్బకి రేకు చీలింది. ఆరొందల మంది ఆడవాళ్ళు ఆ చీలికలోంచి కత్తెరలతో, బెంచీ కోళ్ళతో, ఉత్త చేతులతో పడ్డారు. హెల్మెట్లు పీకి వాటితోనే కొట్టారు. రెండొందల మంది మొగాళ్ళు వచ్చిన గేటులోంచే పారిపోయారు. మేస్త్రీ గూ రబ్బరు ముద్దల వెనక దాక్కుంటే కాళ్ళు పట్టుకుని లాగి గేటు బయట పారేశారు.

మాల్‌సున్‌ని కత్తిరింపు బల్ల మీద పడుకోబెట్టి, ఆ బల్లని భుజాలకెత్తుకుని పెద్దగేటు వైపు నడిచారు. అక్కడ చేతికి కట్టుతో పిల్‌నమ్ నిలబడి ఉంది. బల్ల కిందకి దూరి, బాగున్న భుజం పెట్టింది. వీధి మలుపులో పోలీసులు ఆగి ఉన్నారు. గ్యాసు గుండ్లు పేలాయి. కళ్ళు మండిపోతుంటే దగ్గుకుంటూ నడిచారు కానీ బల్ల కింద పెట్టలేదు. లాఠీలు చేతుల మీదా నడుముల మీదా పడ్డాయి. ఒక భుజం జారితే ఇంకో భుజం వచ్చింది. చివరికి శవాన్ని లాక్కుపోయారు. అరవై ఒక్క మందిని వ్యానుల్లోకి ఎక్కించారు. ఒక్‌బున్ అందులో ఒకతె.

మర్నాడు పొద్దున పోలీసు స్టేషన్లో డిటెక్టివు ఆమె ముందు కుర్చీ తిప్పి కూర్చున్నాడు.

"ప్రెస్సు దగ్గరే కొట్టాలని ఏ స్టూడెంటు నేర్పాడు? ఏ పుస్తకంలో చదివారు?"

"కంపెనీ లెక్కలోనే ఉంది."

"నాతో ఎగతాళా?" కర్ర ఆమె పాదాల మీద పడింది. మళ్ళీ అడిగాడు. మళ్ళీ అదే చెప్పింది. నిజం చెప్పినందుకు మధ్యాహ్నం దాకా కొట్టారు. పేర్లు అడిగితే మేనేజరు పేరూ, మేస్త్రీ గూ పేరూ చెప్పింది.

ఈడ్చుకొచ్చి లాకప్పులో పడేసేసరికి అక్కడ కొత్తగా ఏడుగురు ఆడవాళ్ళున్నారు. చేపల వాసన. మాల్‌సున్ శవం ఇమ్మని ఆ పొద్దున రేవు దగ్గర ఊరేగింపు తీసి దెబ్బలు తిన్నవాళ్ళు. వాళ్ళలో పెద్దావిడ నుదుటి నెత్తురు తలగుడ్డతో అదిమిపెట్టుకుని పక్కకి జరిగి చోటిచ్చింది.

"బూట్ల ఫ్యాక్టరీ దానివేనా? మాది చేపల డబ్బాల ఫ్యాక్టరీ. మాకు తొమ్మిది సెక్షన్లు. ఎక్కడ ఆపాలో మీకెలా తెలిసింది పిల్లా? మాకు లెక్కలు కట్టే ఇంజనీరు లేడే."

"అక్కర్లేదక్కా." ఒక్‌బున్ గోడకి ఆనుకుని వాచిన కాళ్ళు చాపుకుంది. "మీ దగ్గర ఏ సెక్షను ముందు సరుకు గుట్టలుగా పేరుకుపోతుంది? ఎవరిని ఒంటేలుకి కూడా లేవనివ్వరు?"

ఏడుగురూ ఒకేసారి అన్నారు. "మూతలు బిగించేచోట!"

"అక్కడ ఎంతమంది?"

"పదకొండు మంది."

"సరే. ఆ పదకొండు మంది చుట్టూ నిలబడ్డానికి ఎంతమంది వస్తారు? షట్టరు పడకముందే రావాలి. మేం ఆలస్యం చేశాం."

బయట సెంట్రీ లాఠీతో ఊచల మీద కొట్టి, "నోరు ముయ్యండే!" అని అరిచాడు. ఎవరూ అటు తిరగలేదు. పెద్దావిడ వేళ్ళు మడుస్తూ వచ్చేవాళ్ళని పేరు పేరునా లెక్కపెట్టడం మొదలుపెట్టింది.