దసరా బొట్లు

చిక్కడపల్లిలోని తన షెడ్డులో విఠల్ ఆ అంబాసిడర్ ఇంజన్‌ను విప్పడం ఇది మూడోసారి. రిపేరు చేసి బిగించినప్పటి నుంచీ కాసేపు నడవడం, వేడెక్కగానే జామ్ అయిపోవడం. తప్పంతా క్రాంక్‌షాఫ్ట్ సానపట్టినవాడిదేనని పొద్దున్నే నారాయణగూడ వెళ్లి, లేత్ షాపు ముందు నిలబడి నోటికొచ్చినట్టు తిట్టి వచ్చాడు.

తీరా కొలిస్తే షాఫ్ట్‌లో ఏ లోపమూ లేదు. దాన్ని పట్టి ఉంచే మూడు క్యాపులు వదులు చేస్తే చేత్తోనే తిరుగుతోంది, బిగిస్తే మొండికేస్తోంది. విసుగెత్తి పానా కోసం గోడవైపు తిరిగాడు. పానాల మీద మొన్న దసరాకు భార్య పద్మ పెట్టిన బొట్లు ఇంకా చెదరలేదు.

విఠల్ చెయ్యి ఆగిపోయింది. పండగనాడు ఇంజన్ విప్పి ఉంది. ఏ క్యాపు చోట ఆ క్యాపే పడాలని తాను సుద్దతో అంకెలు వేశాడు. పద్మ ఆ క్యాపులనూ అంకెలు చెరిగిపోయేలా శుభ్రంగా కడిగి, బొట్లు పెట్టి, వరుసగా పేర్చింది. తాను చూసుకోకుండా అదే వరుసలో బిగించేశాడు.

క్యాపుల చోట్లు మార్చి, కొత్త బేరింగులు వేశాక కారు ముషీరాబాద్ దాకా వెళ్లొచ్చినా ఆగలేదు.

చాయ్ తెచ్చిన పద్మ మురిసిపోయింది. "సూసినవా? ఇంజన్‌కు బొట్టు వెట్టి మొక్కిన. నా మొక్కు ఊకె పోలే."

"అవు, ఊకె పోలే" అంటూ విఠల్ స్కూటర్ తీశాడు.

"మల్ల ఏడికి?"

"నారాయణగూడకు. లేత్ అన్నకు చాయ్ తాపిచ్చొస్త."