సేవ్యా అడగని మాట

నేరేడుచర్ల దగ్గరి తండాలో పుట్టిన సేవ్యా 1995లో పార్టీ టికెట్‌పై మండల సభ్యుడయ్యాడు. మండలాధ్యక్షుడి ఎన్నికలో రైస్‌మిల్లు యజమానికి చెయ్యెత్తమని పార్టీ పెద్దలు చెప్పారు. సేవ్యా అవతలి పక్షాన నిలబడ్డ పుష్పాబాయికి ఎత్తాడు. ఆ ఒక్క ఓటుతోనే ఆమె గెలిచింది.

"టికెట్ ఇచ్చిండ్రు గాని, నా చెయ్యి కొనలే" అంటూ బయటికొచ్చాడు. పార్టీ ఆయన్ని వెళ్లగొట్టింది. తండా మాత్రం భుజాన మోసింది.

మరుసటి ఏడాది ఊరికి హైస్కూలు మంజూరైంది. ఊళ్లో ఉన్న ఒకే ఒక్క సర్కారు జాగాలో క్రైస్తవ కూలీల సమాధులున్నాయి.

"పిల్లల బడి కాకా, జర ఒప్పుకో" అని పుష్పాబాయే బతిమాలింది.

"సచ్చినోళ్లను లేపి పిల్లలను కూసోబెడ్తమా?" అని సేవ్యా కోర్టుకెక్కి స్టే తెచ్చాడు. బడి పక్క ఊరికి వెళ్లిపోయింది. అంత దూరం నడవలేక ఆడపిల్లలు ఒక్కొక్కరే మానేశారు. సేవ్యా తన సైకిల్ మీద ఇద్దరేసి పిల్లల్ని కూర్చోబెట్టుకుని దిగబెట్టేవాడు. మోకాళ్లు పట్టేసి అదీ ఆగిపోయింది.

నాలుగేళ్ల తర్వాత ఆయన పోయాడు. సంతాప సభలో ఆ క్రైస్తవ కూలీల్లో ఒకడైన యేసయ్య కళ్లు తుడుచుకుంటూ, "మా అమ్మ సమాధిని కాపాడిండు" అన్నాడు.

కూలికి పోయే సత్తెమ్మ లేచింది. "మంచోడే. మా పిల్లను సైకిల్ మీద తోల్కపోయిండు. గని దాని సదువు ఆగింది గూడ ఆయనతోనే. గది గూడ సెప్పుండ్రి."

యేసయ్యే మళ్లీ లేచి మెల్లగా అన్నాడు. "సమాధుల పక్కన సర్కారిచ్చిన అరెకరం ఉంది నాకు. బడికి ఇస్త."

"ఈ మాట అప్పుడే అంటే అయిపోతుండె గదా!" అంది పుష్పాబాయి.

"నన్నెవరడిగిండ్రమ్మా? మీరు అడగలే. మా కోసం కొట్లాడిన సేవ్యా గూడ అడగలే."

సత్తెమ్మకు నవ్వొచ్చింది, ఆ వెంటనే ఏడుపూ వచ్చింది. "గంతే, ఆయన ఎవరినీ అడగడు" అంది కొంగుతో ముఖం తుడుచుకుంటూ.

ఆ భూమిని బడి పేరుకు మార్పించి, ఊరికి మళ్లీ బడి మంజూరు చేయించడానికి పుష్పాబాయి కలెక్టరాఫీసు చుట్టూ తిరిగింది. మరుసటి ఎండాకాలంలో యేసయ్య ఇచ్చిన అరెకరం చెలకలో బడికి పునాది తవ్వారు. సత్తెమ్మ ఆ పనికి కూలికి వెళ్లింది, చిన్న కూతుర్ని వెంటబెట్టుకుని.