కుడి పక్క గోడకు ఆనుకోవచ్చు

డోర్నకల్ రైల్వే క్వార్టర్ల వెనక ఉన్న చిన్న చర్చికి వెబ్‌సైట్ పెట్టాలన్న ఆలోచన పాస్టరు చిరంజీవి అయ్యగారిది. చేసే పని మాత్రం శైలజ నెత్తిన పడింది. మహబూబాబాద్‌లో ఒక షాపులో పెళ్లి ఫ్లెక్సీలు, కోచింగ్ సెంటర్లకు వెబ్‌సైట్లు తయారుచేసే పిల్ల. ఆ చర్చి సంఘంలోనే పుట్టి పెరిగింది కనుక కాదనే దారి లేదు.

"కొత్తోళ్లు చూడంగనే రావాలనిపియ్యాలె బిడ్డా. గంతే," అన్నారు అయ్యగారు.

అది అంతటితో ఆగలేదు. మొదటి పేజీలో తాను శాలువా కప్పుకున్న ఫొటో ఉండాలని అయ్యగారి కోరిక. నోరు తెరిచి అడగలేదు కానీ అదే ఫొటోను మళ్లీ మళ్లీ పంపారు. రిటైరైన రైల్వే గార్డు, సంఘ పెద్ద శ్రీపాల్ తాత, కొత్త మైకు సెట్టుకు తాను రిబ్బన్ కత్తిరించిన ఫొటో పెట్టమన్నాడు. చర్చి ఆడవాళ్ల బృందం స్త్రీల మైత్రికి పెద్ద సులోచనమ్మ, "మొగోళ్ల మొకాలు జూసి ఎవలస్తరే? మా ఫొటో పెట్టు," అంది. వీటన్నిటికీ తోడు అయ్యగారు రాసిచ్చిన స్వాగత సందేశం ఒకటి. శైలజ ఇంటికొచ్చే రైలులో చదవడం మొదలుపెడితే గార్ల స్టేషన్ దాటినా అయిపోలేదు.

మరునాడు మధ్యాహ్నం టిఫిన్ డబ్బా పక్కన పెట్టుకుని, సందేశం ఉండాల్సిన ఖాళీ చోట తనకు తోచింది టైపు చేసింది.

"రండ్రి. ఆరాధన తొమ్మిదింటికి అంటం, తొమ్మిదిన్నరకు మొదలైతది. ప్రసంగం జర పొడుగుంటది. కునుకొస్తే కుడి పక్క కూసోండ్రి, గోడకు ఆనుకోవచ్చు. మూడో ఫ్యాన్ కింద మాత్రం కూసోకుండ్రి, గది శ్రీపాల్ తాత జాగ. కొత్తోళ్లను లేపి నిలబెట్టి పేరడగం. అన్నీ అయినంక సులోచనమ్మ చాయ్ పోస్తది."

చదువుకుని తనలో తాను నవ్వుకుంది. అయ్యగారిని కూడా కాసేపు నవ్వించి, తిట్లు తిని, తర్వాత మార్చేద్దామని లింకు ఆయనకు పంపింది. అయ్యగారు అప్పుడు ఒక గృహప్రవేశంలో ఉన్నారు. లింకు తెరవనేలేదు. "దేవునికే మహిమ. మన సంఘం వెబ్‌సైట్ సిద్ధం" అని రాసి, తన ఫోన్‌లో ఉన్న గ్రూపులన్నిటికీ పంపేశారు.

సాయంత్రం రైలెక్కేసరికి శైలజ ఫోన్ మోగుతూనే ఉంది.

"చాయ్ పోస్తనని లోకమంత చాటితివి. పాలెవలు తెస్తరే?" అంది సులోచనమ్మ.

శ్రీపాల్ తాత, "మూడో ఫ్యాన్ సంగతి నీకెవలు జెప్పిన్రు?" అని మాత్రం అడిగి ఫోన్ పెట్టేశాడు. అయ్యగారి దగ్గర్నుంచి ఉలుకూ లేదు, పలుకూ లేదు.

ఆ రాతను తీసేయడానికి శైలజ ఫోన్ చేతిలోకి తీసుకుంది. చూస్తే, సంఘంలో ఉన్న జనం కంటే ఎక్కువ మంది అప్పటికే ఆ పేజీ చూశారు. వేలు ఆగింది. ఎట్లాగూ తిట్లు తప్పవు, ఆదివారం దాకా ఉండనీ అనుకుని ఫోన్ సంచిలో వేసేసింది.

ఆదివారం అమ్మ వెనక నక్కి చర్చిలోకి వెళ్లింది. కుడి పక్కన గోడ వెంట ఇసుక వేస్తే రాలనంత జనం. ఎడమ పక్కన బెంచీలు బోసిగా ఉన్నాయి. ముందు రాత్రంతా రైలు నడిపిన లోకో పైలట్ ఒకడు గోడకు తల ఆనించి అప్పుడే కునుకు తీస్తున్నాడు. అతని భార్య కవిత శైలజ పక్కకు జరిగి, మెల్లగా అడిగింది.

"అక్కా, నిజంగ లేపి పేరడగరు గదా? గా సిగ్గుకే ఇన్నాళ్లు గేటు కాడికొచ్చి మర్లిపోయిన."

"అడగరు," అంది శైలజ. అంటూనే శ్రీపాల్ తాత వైపు భయంగా చూసింది. కొత్తవాళ్లను లేపి పేరడిగే అలవాటు ఆయనదే.

ఆయన ఆ పని మీద లేడు. మూడో ఫ్యాన్ కింద ఎవరో కుర్రాడు కావాలనే కూర్చున్నాడు. తాత వెళ్లి అతని ముందు నిలబడ్డాడు. కుర్రాడు ఫోన్ తీసి, "తాతా, ఒక్క ఫొటో," అన్నాడు. తాత మీసం సవరించుకుని పక్కనే కూర్చున్నాడు. మళ్లీ లేవలేదు.

అయ్యగారు వేదిక ఎక్కి, కుడివైపు ఒకసారి, ఎడమవైపు ఒకసారి చూశారు.

"గోడ నిండింది. వెనకొచ్చినోళ్లు నిద్రాపుకొని ఎడమ దిక్కు కూసోండ్రి," అన్నారు.

చర్చి మొత్తం గొల్లున నవ్వింది. లోకో పైలట్ ఉలిక్కిపడి లేచి, అందరితో పాటు తనూ నవ్వి, మళ్లీ పడుకున్నాడు. ప్రసంగం ఎప్పటిలాగే పొడుగ్గా సాగింది.

చాయ్ దగ్గర అయ్యగారు శైలజను పిలిచారు. సులోచనమ్మ చాలని చాయ్‌లో నీళ్లు కలుపుతూ చెవి ఇటే వేసింది.

"ప్రసంగం జర పొడుగు అని రాసినవ్."

"తీసేస్త అయ్యగారూ. ఇయ్యాలనే మారుస్త."

"జర అన్నది తీసెయ్యి. మా ఇంటామె చదివి, గదొక్కటే అబద్ధమన్నది." నవ్వు కనబడకుండా గ్లాసు పెదవులకు ఆనించారు. "మిగిలింది ఉండనీ. గని కొత్తోళ్లను పిలిచింది నువ్వు. వచ్చే ఆదివారం నుంచి గేటు కాడ నిలబడి పలకరించేది నువ్వే. ఎనిమిదిన్నరకు రావాలె."

ఆదివారం తొమ్మిదింటి దాకా పడుకుని చర్చికి పరుగెత్తే అలవాటున్న శైలజ, అక్కడే ఫోన్ తీసి అలారం పెట్టుకుంది.

పై వారం ఎనిమిదిన్నరకు ఆవులిస్తూ గేటు దగ్గర నిలబడి ఉంటే, పక్క తండా నుంచి రామి అనే పెద్దామె మనవరాలి చెయ్యి పట్టుకుని వచ్చింది. లోపల ఎవరూ కనబడక, "గింత పొద్దుగాల వస్తిమి. ఎవ్వలు లేరేంది?" అంది.

"నేనున్న గదా అవ్వా, రా," అంటూ శైలజ గేటు బార్లా తీసింది.