యలమంద అడిగిన మాట

మిరపకోతలు ముమ్మరంగా ఉన్న రోజుల్లో యలమంద ఊరికి వచ్చాడు, జెండా కప్పిన పెట్టెలో. సరిహద్దులో మంచుకొండ విరిగిపడి కనబడకుండా పోయిన ఇన్నేళ్లకు దొరికాడు. దర్శి నుంచి కూడా జనం వచ్చి వీధంతా నిలబడ్డారు. పెట్టె మాత్రం కదల్లేదు. తల్లి సుబ్బరావమ్మ దానిమీద చెయ్యి వేసి కూర్చుంది.

"మూత తియ్యనియ్యరు. నా కొడుకేనని నేనెట్టా నమ్మేది? ఏ తల్లి బిడ్డకో కొరివి పెట్టించి, నా బిడ్డని ఆ మంచులోనే వదిలెయ్యనా?"

పెట్టె వెంట వచ్చిన సుబేదారుకు తెలుగు రాదు. అందుకని హైస్కూల్లో హిందీ చెప్పి రిటైరైన ఇషాక్ మాస్టారిని పిలిపించారు. యలమంద ఆయన దగ్గర చదువుకున్నవాడే.

"పరీక్షలో నీ రక్తంతో సరిపోయిందంటున్నారమ్మా."

"సీసాలు మారిపోవా మాస్టారూ? గోడౌన్లో నంబర్లేసిన బస్తాలే మారిపోతున్నాయి గదండీ!"

మాస్టారు, పెట్టెలో ఉన్నవాడి ఒంటిమీద ఏమేం దొరికాయని సుబేదారుని అడిగారు. "జాకెట్, ఏక్ మోజా, నాడా" అన్నాడతను.

"కోటు, ఒక మేజోడు, లాగుబొందు" అని చెప్పారు మాస్టారు.

సుబ్బరావమ్మ తలెత్తింది. "బెల్టు పెట్టుకునేవాడికి బొందెందుకండీ?"

మాస్టారికి యలమంద చిన్నప్పుడు అడిగిన మాట గుర్తొచ్చింది.

ఏడో తరగతి గది. గుండీ ఊడిన నిక్కరుని మొలతాడు కింద దోపుకుని లేచి నిలబడ్డ పొట్టి పిల్లాడు. "మాస్టారూ, మొలతాడుని హిందీలో ఏమంటారండీ?"

"ఒరేయ్, నిక్కరు జారితే హిందీలో అరుస్తావా ఏంది!" అన్నాడు వెనకబెంచీ బుల్లయ్య. గది గొల్లుమంది. మాస్టారూ నవ్వారు. ఆ మాట ఆయనకూ తెలియదు. "పెద్దయ్యాక నువ్వే కనుక్కుని నాకు చెప్పరా" అన్నారు.

చెప్పాడు కూడా. సిపాయి అయ్యాక మొదటి సెలవులో మాస్టారి ఇంటికొచ్చి, గుమ్మంలోనే నవ్వుతూ, "మా పటాలంలో మొలతాడుని కూడా నాడా అంటున్నారండీ, బొందుకీ దానికీ తేడా తెలీకుండా" అన్నాడు.

ఆ నాడా బట్టకు ఉందా, ఒంటికి ఉందా అని మాస్టారు ఇప్పుడు సుబేదారుని అడిగారు. ఒంటికే, నడుం చుట్టూ అన్నాడు సుబేదారు. ఆ సంగతి మాస్టారు వెంటనే ఆమెకు చెప్పలేదు.

"యలమందకి మొలతాడు ఎవరు కట్టారమ్మా?"

"నేనే. ఆఖరుసారి బయల్దేరే పొద్దున. నల్లతాడు చాల్లేదండీ. బస్తాలు కుట్టే నీలం దారం తెచ్చి ముడేశా. 'నేనేమన్నా మిరపకాయల బస్తానా అమ్మా?' అని ఒకటే నవ్వు."

మాస్టారు సుబేదారు వైపు తిరిగి ఆ తాడు రంగు మాత్రం అడిగారు.

"ఆధా కాలా, ఆధా నీలా."

ఆ మాటను తెలుగులో చెప్పాల్సిన పని లేకపోయింది. నీలా అనగానే ఆమె కళ్లు మూసుకుంది. 

"ఆ తాడు తెంపారా?" అని అడిగింది కళ్లు తెరిచి.

మాస్టారు కనుక్కున్నారు. "లేదమ్మా. నువ్వు కట్టింది కట్టినట్టే ఉందట."

సుబ్బరావమ్మ జెండా అంచు సవరించి, చెయ్యి తీసి లేచింది.

"ఏరా బుల్లయ్యా, అట్టా చూస్తా నిలబడ్డావేంది? మీవాడే. ఎత్తండి."