అవనిగడ్డ పెళ్ళిలో క్లోజప్

అప్పగింతల దగ్గర పెళ్ళికూతురు ఏడవడం మొదలుపెట్టగానే రజని వీడియో ఆపి, తల్లి మొహం దగ్గరగా ఉన్న ముక్క కోసం వెతికింది. బందరు కోనేరు సెంటరు దాటాక మందుల షాపు మేడమీద వాళ్ళ స్టూడియో. మొగుడు రామ్‌ప్రసాద్ పెళ్ళిళ్ళ వీడియోలు తీసుకొస్తాడు, ఆమె వాటిని కోసి అతుకుతుంది. కాపురానికొచ్చిన దగ్గర్నించీ ఇదే బతుకు. ఆమె మొహం ఏ పెళ్ళివారికీ తెలియదు.

ఎంత దూరం నుంచి తీస్తే ఏమవుతుందో ఆమెకు బాగా పట్టుబడింది. హాలంతా పడేలా తీస్తే అందరూ జనమే. నడుము దాకా తెస్తే మనిషవుతుంది. తెరనిండా మొహం నింపేస్తే చూసేవాడికిక తప్పించుకునే దారుండదు, ఆ కళ్ళలో ఏముంటే అది తనకూ పట్టుకుంటుంది. అందుకే ఏడుపులకి క్లోజప్ వాడుతుంది, భోజనాలకి వాడదు. నమిలే నోరు అంత దగ్గరగా చూపిస్తే పెళ్ళివారు కొట్టడానికొస్తారు మరి!

తల్లి మొహం దొరకలేదు. పెళ్ళికూతురిని ముస్తాబు చేసిన బ్యూటీషియన్ మొహం దొరికింది.

ఎక్కడో చూసినట్టుందే అనుకుంటూ రజని పోయిన నెల గుడివాడ పెళ్ళి తెరిచింది. అందులో ఆ అమ్మాయి గుమ్మం దగ్గర దూరంగా, చేతిలో పూలజడతో ఉంది. తర్వాతి చల్లపల్లి పెళ్ళిలో నడుము దాకా ఉంది. పక్కనున్న పెళ్ళికూతురిది సగం భుజమే పడింది. ఇప్పుడీ అవనిగడ్డ పెళ్ళిలో తెరనిండా ఆమే. కెమెరా చూడగానే ఎవరైనా బిగుసుకుంటారు, లేదా పళ్ళికిలిస్తారు. ఈ అమ్మాయి కెమెరా వెనకున్న మనిషిని చూస్తోంది. పైగా బొమ్మ సన్నగా వణుకుతోంది. కాపురానికొచ్చాక రామ్‌ప్రసాద్ చెయ్యి వణకడం ఆమె ఎన్నడూ చూడలేదు.

రజని వీడియో ఆపింది. ఛీ, పాడు అనుమానం, అనుకుంది. అనుకుంటూనే మళ్ళీ మొదట్నుంచి చూసింది.

మధ్యాహ్నం అతనొస్తే క్యారియర్ విప్పి వంకాయ కూర వడ్డించింది.

"ఏవండీ, అవనిగడ్డ పెళ్ళికొచ్చిన బ్యూటీషియన్ ఎవరు?"

"ఎవరో! నేను చూళ్ళేదే."

"గుడివాడకీ ఆవిడే వచ్చినట్టుంది."

"నీకేమన్నా పిచ్చా రజనీ? పెళ్ళంటే సవాలక్షమంది వస్తారు, అందరూ నాకు గుర్తుంటారా?"

ఫోను బోర్లా పెట్టుకుని తిన్నాడు. చెయ్యి కడుక్కోవడానికీ దాన్ని వెంట తీసుకెళ్ళాడు. వెర్రిబాగులవాడు! ఫోనుకి కాపలా కాశాడు గానీ, కెమెరా కార్డు తనే తెచ్చి పెళ్ళాం చేతిలో పెట్టాడు.

చూళ్ళేదన్న మాటే ఆమెను కోసేసింది. దూరం నుంచి దగ్గరికొచ్చే ఆ వరస ఆమెకు తెలుసు. నాగాయలంకలో అక్క పెళ్ళికొచ్చిన కుర్ర కెమెరామన్ రామ్‌ప్రసాద్ తననూ అలాగే తీశాడు. ముందు అరిటాకుల కట్ట దగ్గర దూరంగా, ఆ తర్వాత నడుము దాకా, అప్పగింతల వేళకి మొహం ఒక్కటే. అప్పుడూ బొమ్మ వణికింది. ఆ వణుకు చూసే కదా నాన్నని కాదని అతని వెంట వచ్చేసింది!

"సాయంత్రం పెళ్ళివారొస్తారు. అయిపోద్దా?" అంటూ అతను మెట్లు దిగాడు.

"అయిపోద్దండీ."

అన్నట్టుగానే శుభ్రంగా పూర్తి చేసింది. తల్లి ఏడుపు ఉండాల్సిన చోట దూరం నుంచి తీసిన హాలు పెట్టింది. బ్యూటీషియన్ని ఎక్కడా ఉంచలేదు. తర్వాత విడిగా ఆ అమ్మాయి ముక్కలు మూడూ వరసగా అతికి, ఆగకుండా తిరిగేలా పెట్టింది. అప్పుడు ఏడుపొచ్చింది, వెక్కివెక్కి ఏడ్చింది. మొహం కడుక్కుని నాగాయలంక బస్సెక్కింది. ఇన్నేళ్ళూ మాట్లాడని నాన్న తలుపు తీస్తాడో లేదో ఆమెకు తెలియదు.

సాయంత్రం రామ్‌ప్రసాద్ వచ్చేసరికి గది తలుపు దగ్గరగా వేసి ఉంది. తెరమీద ఆ అమ్మాయి దూరంగా, నడుము దాకా, తెరనిండా మొహంతో, మళ్ళీ దూరంగా కనిపిస్తూనే ఉంది. రజనీ, అని పిలిచాడు. ఖాళీ కుర్చీలో ఆమె తీసి పెట్టిన హెడ్‌ఫోన్‌లోంచి సన్నగా పెళ్ళి మేళం వినిపిస్తోంది.