స్లేట్ ఫోర్క్‌లో రేపటి చప్పుడు

బడి వంటశాలలో గిన్నెలు కడగడం రెండింటికల్లా అయిపోతుంది. రెండున్నరకి అర్వెల్లా స్టిల్ట్‌నర్ ఇంటికొచ్చి, వంటింటి బల్లమీద పాత తువ్వాలు పరిచి, దానిమీద ఒక చచ్చు పిస్తోలు విప్పుకుని కూర్చుంటుంది. తొమ్మిదేళ్లుగా ఇదే పిచ్చి. ఆ కెంటకీ కొండల్లో ఆమె ఈడు ఆడవాళ్లు బొంతలు కుడతారు, చలికాలానికని బీన్స్ సీసాల్లో దాస్తారు. ఆమె సంతల్లో ఎవరూ ముట్టని తుపాకులు ఏరుకొస్తుంది.

అవి ఉక్కువి కావు. జింకు కరిగించి అచ్చుల్లో పోసినవి. మొదటి తూటా పేలితే రెండోది ఇరుక్కుంటుంది, మూడోది అసలు ఎక్కనే ఎక్కదు. ఉన్నవాడు కొనే తుపాకీ ఉన్నవాణ్ణి కాపాడుతుంది. లేనివాడికి అమ్మే తుపాకీ కాపాడతానని మాటిచ్చి, తీరా ఆ క్షణం వచ్చేసరికి నోరు మూసుకుంటుంది. వాడి ఓటులాగే, వాడి బీమా కాగితంలాగే. పేదవాడి చేతికిచ్చే ప్రతిదాన్నీ సగంలో ఆగిపోయేలా చేయడం ఎవరికో లాభం.

"మంచి తుపాకీకి మనిషితో పనేముంది? దీనికైతే నేను కావాలి," అంటుంది అర్వెల్లా, పెన్సిలుకు గరుకు కాగితం చుట్టి తూటా ఎక్కే దారిని అద్దంలా రుద్దుతూ.

పని కుదిరిందో లేదో ఆమెకు ఒకరోజు ముందే తెలిసిపోతుంది. స్లేట్ ఫోర్క్ లోయలో తుపాకీ చప్పుడు ఒకరోజు ముందొస్తుంది. బుధవారం నాలుగింటికి పేల్చబోయేది మంగళవారం నాలుగింటికే వినిపిస్తుంది. పేల్చేటప్పుడు చప్పుడుండదు, చేతిలో కుదుపు, కాస్త పొగ, అంతే. జింకల వేట మొదలయ్యే ముందురోజు కొండలన్నీ మోగిపోతుంటే ఆడవాళ్లు బట్టలు ఆరేసుకుంటూ "ఈ యేడు బాగానే పడేట్టున్నాయే" అనుకుంటారు. షెరీఫ్ తన కాగితాల్లో రెండు తేదీలు రాసుకుంటాడు.

వినిపించింది పేలక మానదు. పన్నెండేళ్ల కిందట రాట్లిఫ్‌ల ఇంటివైపు నుంచి ఒకటి వినిపిస్తే, భయపడి లోయలోని తుపాకులన్నీ పోగుచేసి చర్చిలో పెట్టి తాళం వేశారు. మర్నాడు సరిగ్గా ఆ నిమిషానికి, రాట్లిఫ్‌ల గుమ్మంలో కాపలా కాస్తున్న షెరీఫ్ డిప్యూటీ నడుమునుంచి తుపాకీ జారిపడి, పేలి, అతని కాలివేలు పట్టుకుపోయింది.

ఆ మంగళవారం నాలుగూ పదికి ఒకటి వినిపించింది.

పలచటి చప్పుడు, తడిబట్ట విదిలించినట్టు. అర్వెల్లా చేతిలో ఆకురాయి ఆగింది. తను బాగుచేసిన ప్రతి తుపాకీ గొంతూ ఆమెకు తెలుసు. ఇది వాగు అవతలి హోబర్ట్ కూంబ్స్‌ది. చిక్కుడు పాదుల్ని పందికొక్కులు తినేస్తున్నాయని శుక్రవారం తెచ్చిచ్చాడు. ఆదివారం బాగుచేసి తనే వెళ్లి ఇచ్చొచ్చింది. చప్పుడు వచ్చిందీ అతని ఇంటివైపు నుంచే.

రెండోదానికోసం చెవి ఒగ్గింది. రాలేదు.

పక్కింటి డ్రీమా కిటికీలోంచి తల పెట్టింది. "అక్కా, అది నీదా?"

"నాది కాదు. నేను చేసింది."

"ఒక్కటే మోగిందేం? ఇరుక్కుందా?"

"ఇరుక్కోదు. ఆరు తూటాలూ ఎక్కుతాయి."

"అబ్బో, నీ పనికి నువ్వే చప్పట్లు కొట్టుకో," అని నవ్వుతూ వెళ్లిపోయింది డ్రీమా.

అర్వెల్లాకు నవ్వు రాలేదు. భయపడ్డవాడు ఆరూ ఖాళీ చేస్తాడు. సరదాకి పేల్చేవాడూ అంతే. ఇక పందికొక్కు అంటారా, ఆ తుపాకీతో ఒక్క తూటాకే పందికొక్కును కొట్టినవాడు ఇంకా పుట్టలేదు. దానితో ఎవరికీ గురి తప్పనిది ఒక్కటే ఉంది: దాన్ని పట్టుకున్నవాడి తల.

కిందటి వారం హోబర్ట్‌కు గని కంపెనీనుంచి మూడో ఉత్తరం వచ్చింది. ముప్పై ఒక్క ఏళ్లు బొగ్గు తవ్విన ఊపిరితిత్తుల్లో కంపెనీ డాక్టరుకు బొగ్గు కనబడలేదు, సిగరెట్లు కనబడ్డాయి. పరిహారం లేదన్నారు. హోబర్ట్ జన్మలో సిగరెట్ ముట్టలేదు. దీన్ని ఎవరూ హత్య అనరు. హత్యకు ఆయుధం కావాలి, దీనికి తపాలా బిళ్ల చాలు.

బుధవారం బడినుంచి వచ్చిన అర్వెల్లా బల్లమీద తువ్వాలు పరచలేదు. నాలుగింటికి పావు తక్కువకి హోబర్ట్ వసారా మెట్లెక్కింది.

అతను కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ముక్కుకు ఆక్సిజన్ గొట్టం, ఒళ్లో పిస్తోలు. ఈమధ్య అతనికి ఏ పనికైనా, ఏ మాటకైనా మధ్యలో మూడు ఊపిరులు కావాలి.

"వస్తావనుకున్నా," అన్నాడు. మూడు ఊపిరులు తీసుకున్నాడు. "వచ్చి ఏం చేస్తావ్? మోగింది మోగిందే."

"ఎవరికి తగిలిందో చప్పుడు చెప్పదు హోబర్ట్."

"నాకు చెప్పింది."

"ఇటివ్వు దాన్ని. లోపల స్ప్రింగు ఒకటి తప్పుగా వేశాను."

"నువ్వా? తప్పా?" నవ్వబోయి దగ్గాడు. "అబద్ధమాడటం కూడా చేతకాదే నీకు."

ఆమె ఎదురు కుర్చీ లాక్కుని కూర్చుంది. హోబర్ట్ ఆమెవైపు చూడకుండా, ఆగి ఆగి చెప్పుకొచ్చాడు.

"పోయిన గురువారం ఒకసారి నొక్కాను. టిక్ అంది. చచ్చుది కదా. ఒళ్లంతా చెమటలు పట్టాయి. నిజం చెప్పనా, బతికిపోయాన్రా దేవుడా అనిపించింది. అందుకే మర్నాడే నీకు తెచ్చిచ్చా. నీ దగ్గర ఏదైనా ఆర్నెల్లు పడుంటుంది. ఈ చలికాలం దాటేస్తాలే అనుకున్నా." ఊపిరి కోసం ఆగాడు. "రెండ్రోజుల్లో తెచ్చిచ్చావు."

ఒంట్లో బాగోలేని మనిషిని ఎదురుచూడనివ్వకూడదని అర్వెల్లా మిగతావన్నీ పక్కన పెట్టింది. ఆదివారం చర్చి మానేసి మరీ రుద్దింది. ఇచ్చేటప్పుడు ఎంత గర్వం! ఆరూ ఎక్కుతాయి చూస్కో, అని.

"తెచ్చాక కూడా డ్రాయర్లోనే పడేశా. నిన్న అది మోగింది. ఓహో, తేలిపోయిందన్నమాట అనుకున్నా."

"ఏం తేల్లేదు."

"గని సమ్మెలో ఏమని అరిచేవాళ్లం మనం? ఒకరికి తగిలిన దెబ్బ అందరికీ దెబ్బే. గొంతులు పోయేలా అరిచాం. ఏరీ అందరూ?"

"అందరి సంగతి నాకు తెలీదు. నేనొచ్చాను."

లోపల గోడ గడియారం నాలుగూ నాలుగు చూపిస్తోంది. లాక్కుందామా అనుకుంది. లాక్కున్నా అది పేలి తీరుతుంది, పెనుగులాటలో ఎవరికి తగులుతుందో! చేతులు ఒళ్లో బిగబట్టుకుంది. సమ్మెనాటి నినాదాలన్నీ గుర్తుకొచ్చాయి గానీ ఒక్కటీ ఇక్కడ పనికొచ్చేట్టు లేదు. తనకు బాగా తెలిసింది ఒక్కటే.

"రేపు ఒక పెట్టె తూటాలు తెస్తా," అంది. "నువ్వే పేల్చి చూపించు. నీ చేతిలో ఆరూ ఎక్కుతాయో లేదో నాకు తెలియాలి."

"ఇప్పుడు కూడా నీ తుపాకీ పిచ్చేనా?"

"పిచ్చే. రేపు ఒక్కరోజు పేల్చు. ఎల్లుండి సంగతి ఎల్లుండి వచ్చి తిడతా."

హోబర్ట్ బొటనవేలితో పిస్తోలు పిడిని నిమురుతున్నాడు. నాలుగూ ఆరు. ఏడు. వేలు పిడిమీదనుంచి కిందికి, మీటవైపు జారింది.

"హోబర్ట్."

"ఊఁ."

"రేపు రానా?"

నాలుగూ ఎనిమిదికి మోగింది.

ఇద్దరూ బిగుసుకుపోయారు. తడిబట్ట విదిలించినట్టు పలచటి చప్పుడు, ఈ వసారాలోంచే, వాళ్లిద్దరి మధ్యనుంచే. ఒళ్లో పిస్తోలు కదల్లేదు. ఇవాళ్టిది కాదు, రేపటిది. అర్వెల్లా లోపలే లెక్కపెట్టింది: ఒకటి. ఆ తర్వాత ఏమీ లేదు. అప్పుడు రెండోది. మళ్లీ అంతసేపు ఖాళీ, అప్పుడు మూడోది. ఆ ఖాళీ ఎంతదో ఆమెకు ఎదురుగానే కనిపిస్తోంది. హోబర్ట్ రొమ్ము మూడుసార్లు లేచి పడితే ఒక చప్పుడు, ఇంకో మూడుసార్లు లేచి పడితే ఇంకొకటి. ఈ లోయలో అలా పేల్చేవాడు ఇంకెవడూ లేడు.

ఆరూ ఎక్కాయి.

హోబర్ట్ నోరు తెరుచుకుని కూర్చున్నాడు. తన ఊపిరిని తానే ఎదుటివాడి ఊపిరిలా విన్నాడు. ఇక్కడ కూర్చున్న హోబర్ట్ ఇంకా సరేననలేదు. రేపటి హోబర్ట్ అనేశాడు.

"ముసలి ముండాకొడుకు," అన్నాడు చివరికి, ఎవరినో. "ఎంత నెమ్మదిగా పేలుస్తాడో చూడు."

"ఇవాళ్టిది ఇంకా ఉంది," అంది అర్వెల్లా. "ఒక్క నిమిషమే ఉంది హోబర్ట్."

అతను పిస్తోలు ఎత్తాడు. అతని చెయ్యి తడబడుతూ గాల్లో తిరిగి, వసారా కమ్మీమీదుగా బయటికి సాగింది. వాలు దిగువన మూతపడిన గని గేటుంది. మనిషి అలికిడి లేదు. గేటుకు తుప్పుపట్టిన కంపెనీ బోర్డు వేలాడుతోంది: 'మనమంతా ఒకే కుటుంబం.'

నాలుగూ పదికి అతని మణికట్టు అదిరింది. చిన్న పొగ లేచింది. ఏ చప్పుడూ లేదు. ఖాళీ తూటా తొడుగు ఒకటి ఎగిరి చెక్కలమీద పడి దొర్లింది.

బోర్డు చెక్కుచెదరలేదు. అంత దూరం ఆ పిస్తోలుతో తగిలితే అది వేరే పిస్తోలన్నమాట.

"తగల్లేదు," అన్నాడు హోబర్ట్. మూడు ఊపిరులు తీసుకున్నాడు.

"రేపు ఆరున్నాయిగా," అంది అర్వెల్లా.