పూజ చేసిన ఆసిలోస్కోపు

ఆరోన్ ఆసిలోస్కోపు అద్దాన్ని చొక్కా అంచుతో తుడిచి, స్విచ్ వేసి, లోపలి వాల్వులు వేడెక్కేదాకా ఆగాడు. గుండ్రటి నల్లటి అద్దం మీద పచ్చని గీత నెమ్మదిగా తేలింది. యాంప్లిఫయర్‌లో శబ్దం ఎక్కడ చెడుతోందో ఆ గీత వంకరలో చూస్తాడు. రాజమండ్రిలో చంద్రరావు గారి మైకుల రిపేరు షాపులో కుర్రవాడిగా చేరాడు. టంకం పెట్టీ పెట్టీ వేళ్ళ చివర్లు మొద్దుబారాయి, మెడ ముందుకు వంగిపోయింది. బతుకంతా ఆ బల్ల ముందే గడిచింది.

ఇవాళ బల్ల మీద ఉన్నది చర్చి వాళ్ళ యాంప్లిఫయర్. నిన్న పొద్దుపోయాక తెచ్చారు. సాయంత్రం ప్రార్థన కూటాలు, వేరే మైకు లేదు.

ఇంతలో దుర్గాసాయి పళ్ళెం పట్టుకొచ్చాడు. తండ్రి చంద్రరావు పోయాక షాపు అతనిది. ఆయుధపూజ కదా! ఆసిలోస్కోపు స్విచ్ కట్టేసి, అద్దానికి పసుపు రాసి, బొట్టు పెట్టి, బంతిపూల దండ వేసి దండం పెట్టుకున్నాడు.

"ఇంక రేపటిదాకా దీన్ని ముట్టుకోకూడదండి ఆరోన్ గారూ."

"చర్చి వాళ్ళకి సాయంత్రానికి ఇస్తానన్నాను బాబూ."

"పద్ధతండీ."

పద్ధతే. ఆరోన్ తన దేవుడికి తప్ప మొక్కడు, అయినా ఏ దసరాకీ ఈ ఇంటి పద్ధతి దాటలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

మధ్యాహ్నం వ్యానులో ఇద్దరు దిగారు. కొత్తగా పెట్టే కాఫీ హోటలు వాళ్ళట. ఆసిలోస్కోపు మీది దండ పక్కకు లాగేసి, స్క్రూలు విప్పి, కటింగ్ ప్లయరుతో లోపలి వైర్లు తెంపడం మొదలుపెట్టారు. ఖాళీ పెట్టెలో రంగుల లైటు పెట్టి గోడకు తగిలిస్తారట!

ఆరోన్ లేచాడు. "ఏంటిది బాబూ?"

"దీన్ని వీళ్ళకి అమ్మేశానండీ," అన్నాడు దుర్గాసాయి. " ఇక్కడ సెల్‌ఫోన్ల షోరూం పెడుతున్నాం. మీకు చెబుదామనే అనుకున్నా."

"నేను ముట్టుకుంటే తప్పొచ్చింది. వీళ్ళు పేగులు తీస్తే తప్పు లేదా?"

"అరవకండి. పాత సామానే కదా!"

"పాత సామానుకి పొద్దున్నే దండమెందుకు పెట్టావు? మీ నాన్నగారుంటే ఈడ్చి కొట్టేవారు!"

ఎంత సిగ్గులేని భక్తి! దుర్గాసాయి ఫోను చూసుకున్నాడు. తెంచిన వైర్లు ఊడ్చి గోనెసంచిలో పోశారు.

ఆరోన్ యాంప్లిఫయర్‌కు మూత బిగించి చంకనెత్తుకున్నాడు.

"ఇంటి దగ్గర బాగుచేసుకుంటాను. ఇది లేకపోయినా నాకు చెవులున్నాయి. రేపట్నుంచి రానండి."

ఎవరూ ఆగమనలేదు. అతనెక్కిన ఆటో సందు మలుపు తిరిగింది. బల్ల కింద అతని అన్నం క్యారేజీ, మూత తీయకుండానే, ఉండిపోయింది.